దురదపై ఏకసభ్య కమిషన్

జనవరి 5, సోమవారం

ఈ ఉదయం ఎనిమిదిన్నరకు మా అక్క తన ఏకైక కుమార్తెను, రెండు పెట్టెలను, ఒక గుడ్డ ఏనుగును నాకు అప్పగించి వెళ్ళింది. గడువు పది వారాలు. కారణాలు నాలుగు. అక్క నది మీద కడుతున్న వంతెనకు ఇంజినీరు. అక్కడి సిమెంటు దుమ్ము పిల్ల ఒంటికి పడదు. బావ ఓడలో వంటవాడు కనుక ఏడాదిలో ఏడు నెలలు నీళ్ళ మీదే ఉంటాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. చివరి కారణాన్ని అక్క విడిగా, కాస్త గట్టిగా చెప్పింది.

పిల్లకు ఎనిమిదేళ్ళు. పుట్టినప్పుడు చిటికెడంత ఉందని నేనే చిటికె అన్నాను. అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది.

చర్మవ్యాధి ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనుక ఎర్రగా, గరుకుగా ఉంటుంది. అక్క గుమ్మంలో నిలబడి చెప్పినవన్నీ రాసుకున్నాను. గోరువెచ్చని నీళ్ళతో స్నానం, పది నిమిషాలు దాటరాదు. తువ్వాలుతో రుద్దరాదు, అద్దాలి. ఒళ్ళు తడిగా ఉండగానే డబ్బాలోని క్రీము దండిగా రాయాలి. ఎర్రబడ్డ చోట మాత్రం ట్యూబులోని ఆయింట్‌మెంట్. నూలు బట్టలే వేయాలి. గోళ్ళు పొట్టిగా ఉంచాలి. బెలూన్లు దగ్గరికి రానివ్వరాదు, పెదాలు ఉబ్బుతాయి. ఈ చివరిదాన్ని ‘వినోదం’ అనే శీర్షిక కింద నమోదు చేశాను.

"ఒరేయ్, ఇది అంటుకునేది కాదు. గుర్తుపెట్టుకో," అంది అక్క.

"నాకు తెలుసక్కా. చదువుకున్నవాణ్ణి."

"అదేరా నా భయం."

సాయంత్రం కార్యాలయం నుంచి ఒక పెట్టె గ్లౌజులు తెచ్చాను. పాత దస్తావేజులు దాచే రికార్డు గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. విలువైన దేనినీ వట్టి చేతులతో ముట్టరాదన్నది అక్కడి మొదటి నియమం. ఇంటికి వచ్చినంత మాత్రాన నియమం మారదు.

నా తువ్వాలును స్నానాలగది మేకు మీద నుంచి వరండా మేకుకు మార్చాను. అక్కడ గాలి బాగా ఆడుతుంది. నా మంచినీళ్ళ గ్లాసును కూడా వేరే అరలోకి మార్చాను. దానికి కారణం ఇంకా ఆలోచించలేదు.

జనవరి 6

గోకుడు లెక్కకు మించి ఉన్నది. రేపటి నుంచి లెక్కిస్తాను.

జనవరి 7

నలభై ఒకటి. నేను లెక్కిస్తున్నానని గ్రహించి, పిల్ల ఇంకో నాలుగు కలిపింది.

జనవరి 9, శుక్రవారం

వంటింటి తలుపు మీద ఉత్తర్వు అంటించాను. ‘ఈ నివాసంలో గోకుట తక్షణమే నిషేధించడమైనది.’ కింద సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర. చిటికె చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది.

"మామయ్యా, దురదకి చదువొచ్చా?"

"రాదు."

"మరి దానికెవరు చదివి వినిపిస్తారు?"

ఇటువంటి అభ్యంతరం నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ ఎదురుకాలేదు. ఉత్తర్వును చించకుండా, జాగ్రత్తగా ఊడదీసి, భద్రపరిచాను.

జనవరి 13, మంగళవారం

పరిస్థితి విషమిస్తోంది. మణికట్ల మీద, మెడ పక్కన కొత్తగా దద్దుర్లు వచ్చాయి. ఇవి అక్క ఇచ్చిన జాబితాలో లేవు. పొద్దున లేచేసరికి దుప్పటి మీద చిన్న చిన్న నెత్తుటి చుక్కలు. నా తరఫున లోపమేమీ లేదు. రోజుకు రెండు పూటలా, గ్లౌజులు తొడుక్కుని, గడియారం చూసుకుని, మోచేతులకు, మోకాళ్ళకు, ముందుజాగ్రత్తగా మణికట్లకు, మెడకు కూడా రాస్తున్నాను. రాసేటప్పుడు పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంటుంది. సిగ్గరి అయి ఉంటుంది.

ఈ దృష్ట్యా ఏకసభ్య కమిషన్ ఏర్పాటు చేశాను. అధ్యక్షుడు నేను. కార్యదర్శి నేను. టీ తెచ్చేవాణ్ణి కూడా నేనే. ఇంట్లో పిల్ల ఒంటికి తగిలే ప్రతి వస్తువునూ నూరు పేజీల పుస్తకంలో నమోదు చేసి, ఒక్కొక్కదాన్నే విచారించడం కమిషన్ బాధ్యత. తప్పించుకునే అవకాశం దేనికీ ఉండదు.

జనవరి 16

సబ్బును తొలగించాను. వాసన లేని సబ్బును తాత్కాలిక ప్రాతిపదికన నియమించాను. దద్దుర్లు యథాతథం.

జనవరి 18

ఉన్ని దుప్పటికి అటక మీదికి బదిలీ. దద్దుర్లు యథాతథం.

జనవరి 20

కోడిగుడ్డు సస్పెన్షన్.

"గుడ్డేం చేసింది మామయ్యా?"

"విచారణ జరుగుతోంది."

"పాపం. దానికి నోరు కూడా లేదు."

జనవరి 22, గురువారం

పైవాటా పెద్దావిడ పిల్లిని విచారించడానికి మేడ ఎక్కాను. పిల్లి హాజరు కాలేదు. దాని తరఫున ఆవిడే వాదించింది.

"మా పిల్లి మీ గడప తొక్కి మూడేళ్ళయింది బాబూ. మీరు నవ్వరని దానికి బాగా తెలుసు."

"వెంట్రుకలు గాలిలో ఎగిరి రావచ్చు కదండీ."

"గాలికైతే నావీ వస్తాయి. నన్నూ విచారిస్తారా ఏంటి?"

"అవసరమైతే..."

"సరే, ఇంతకీ పిల్లనడిగారా? ఎప్పుడు దురద పెడుతుందే తల్లీ అని?"

ఈ సూచన విచారణ పద్ధతిలో లేకపోయినా, కిందికి వచ్చి అడిగాను. ఏనుగుకు స్నానం చేయిస్తున్న చిటికె తల ఎత్తకుండా, "నువ్వు మందు రాసింతర్వాత," అంది. సాక్షి మైనరు కావడం వల్ల, చెప్పేటప్పుడు ఏనుగు చెవి పిండుతుండడం వల్ల, ఈ సాక్ష్యాన్ని పక్కన పెట్టాను.

జనవరి 27, మంగళవారం

భోజనాల వేళ చిటికె చెప్పిన సంగతి. మార్చి పదమూడున బడి వార్షికోత్సవం. వాళ్ళ తరగతి పిల్లలు ఇరవై నలుగురు చేతులు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ నాట్యం చేయాలి. ఈ రోజు అభ్యాసం మొదలైంది. చిటికెకు రెండు పక్కలా నిలబడ్డ పిల్లలు చేతులు ఇవ్వలేదు. టీచరు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. ఆ రెండు చోట్లా చేతికి బదులు ఎర్రటి రిబ్బను. ఒక కొస చిటికె పట్టుకోవాలి, ఇంకో కొస వాళ్ళు.

"ఎర్ర రంగు బాగుంటుంది కదా మామయ్యా?" అంది, పెరుగు కలుపుకుంటూ.

నేను చాలాసేపు పెరుగు కలుపుతూనే ఉన్నాను. తరువాత చూసుకుంటే నా గిన్నెలో పెరుగు లేదు.

జనవరి 28, బుధవారం

సెలవు పెట్టి బడికి వెళ్ళాను. క్లాసు టీచరు చెడ్డ మనిషి కాదు. అలసిన మనిషి.

"నేను ముట్టుకుంటాను సార్, నాకేం భయం లేదు. కానీ ఇద్దరు తల్లులు తామరేమో, మా పిల్లలకి అంటుకుంటుందని చీటీలు రాసి పంపారు."

"అది తామర కాదండీ. అంటుకునే ప్రసక్తే లేదు. ఇంతటి అజ్ఞానం విద్యాలయంలో..."

"మీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్ళకెవరు చెప్తారు? పోనీ, రిబ్బన్ను పట్టుకునైనా వలయంలో ఉంటుంది కదా. లేకపోతే పక్కన నిలబెట్టమంటున్నారు సార్."

ఇంటికి వచ్చి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ‘తోటి మనిషిని తాకుటకు అడ్డుగా ఏ వస్తువునైనను ఉంచుట, ఆ వస్తువు ఎంత అందమైనదైనను, ఆ మనిషిని అవమానించుటయే’ అన్న వాక్యం బాగా కుదిరింది. రెండుసార్లు పైకి చదువుకున్నాను.

సాయంత్రం మందు వేళకు, గ్లౌజులు తొడుక్కుంటూ, చిటికెకు కూడా ఉత్తరం వినిపించాను. అది మోచేయి చాపి, మామూలుగానే గోడవైపు తిరిగి అన్నది ఇది.

"రిబ్బనేగా మామయ్యా. నీ గ్లౌజుల్లాంటిదే. నాకు అలవాటే."

ఈ వాక్యం నమోదు చేయడమైనది. చర్చ వాయిదా.

జనవరి 29

చర్చ వాయిదా.

జనవరి 31

కోరం లేనందున చర్చ వాయిదా.

ఫిబ్రవరి 4, బుధవారం

దోషి దొరికింది.

నూరు పేజీల పుస్తకాన్ని తిరగేస్తుంటే తేలింది. దద్దుర్లు ఎక్కడెక్కడ వస్తున్నాయో అక్కడక్కడే నేను మందు రాస్తున్నాను. మెడకు రాయడం మొదలుపెట్టిన మూడో రోజునే మెడ మీద వచ్చాయి. మైనరు సాక్ష్యం కూడా దీనితో సరిపోతోంది. దొంగ బయట లేడు, ట్యూబులోనే ఉన్నాడు. ఆయింట్‌మెంట్‌ను, సహచరుడైనందుకు డబ్బాలోని క్రీమును, ఈ పూట నుంచి రద్దు చేశాను. గ్లౌజుల పెట్టెతో పని లేదు కనుక దాన్ని అలమరలో పెట్టాను.

పుస్తకంలో సబ్బు, దుప్పటి, గుడ్డు, పిల్లి, సుద్దముక్క, కిటికీ తెర, ఏనుగు, దోమ, అన్నీ ఉన్నాయి. ఇంత సమగ్రమైన విచారణ ఈ మధ్య ఎవరూ జరిపి ఉండరు.

ఫిబ్రవరి 7

మణికట్ల మీద, మెడ మీద దద్దుర్లు మాయం. కమిషన్ తనను తాను అభినందించుకుంది.

ఫిబ్రవరి 10

మోచేతుల మడతలు పగిలాయి. చెయ్యి చాచలేకపోతోంది. బడికి పంపలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

అక్క ఫోను.

"మందు ఆపేశావా? ఎవర్నడిగి?"

"కమిషన్ ప్రాథమిక నివేదిక..."

"నీ కమిషన్ మీద మన్నుపోయ! క్రీము కూడా ఆపావా? ఆ పిల్ల ఒళ్ళు ఎండిన చెరువులా పగలదూ? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు చిన్నప్పట్నుంచీ. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ముందు ఫోను దానికివ్వు."

చిటికె మోచేయి వంచి ఉంచుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుంది. నేను పక్కగదిలోకి వెళ్ళినట్టు వెళ్ళి, తలుపు వెనుక నిలబడ్డాను.

"లేదమ్మా, మామయ్య బాగానే చూసుకుంటున్నాడు. తిట్టడు. ఊహూ, విసుక్కోడు. చాలా నీటుగా చూసుకుంటాడు."

నీటుగా.

ఫిబ్రవరి 12, గురువారం

చర్మవైద్యురాలికి అరవై ఏళ్ళుంటాయి. తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. నా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపికగా తిరగేసింది.

"దోమ పేరు కూడా రాశారే!"

"విచారణలో వివక్ష ఉండకూడదు కదండీ."

"సరే. మందు ఎలా రాసేవారో ఒకసారి రాసి చూపించండి."

ఇందుకు నేను సిద్ధపడే వచ్చాను. జేబులోంచి ఒక జత గ్లౌజులు తీసి, వేలు వేలునూ లాగి సరిచేసుకుని, తొడుక్కున్నాను. చిటికె బల్ల మీద కూర్చుని, చెప్పకుండానే చెయ్యి చాపి, చెప్పకుండానే మొహం గోడకు తిప్పుకుంది. డాక్టరు నా చేతులకేసి కాదు, పిల్ల తల తిప్పుకున్న తీరుకేసి చూసింది.

"ఆగండి. ఈ గ్లౌజులెక్కడివి?"

"కార్యాలయానివండీ."

"రోజూ ఇవేనా?"

"రెండు పూటలా. క్రమం తప్పకుండా."

ఆవిడ నా చేతి నుంచి ఒక గ్లౌజును లాగి, లోపలి తెల్లటి పొడిని వేలితో చూసి, చిటికె వైపు వంగింది.

"ఏమ్మా, బెలూను ఊదితే నీకేమవుతుంది?"

చిటికె పెదాలు రెండూ ముందుకు ఉబ్బించి చూపించింది.

"చూశారా? బెలూనూ, ఈ గ్లౌజూ ఒక్క చెట్టు పాలతోనే తయారవుతాయి సార్. రబ్బరు పడదు ఈ పిల్లకి. పరీక్ష చేయిస్తాను, కానీ నాకు అనుమానమేం లేదు. మీరు రాసిన చోటల్లా మందు సగం తగ్గిస్తోంది, గ్లౌజు రెట్టింపు రేపుతోంది. మీ పుస్తకంలో గ్లౌజు పేరుందా?"

"లేదండీ. అది... కార్యాలయ సామగ్రి."

"దొంగని పట్టుకోమంటే దొంగని చేతికి తొడుక్కుని తిరిగారన్నమాట."

చిటికె కిసుక్కున నవ్వింది. ఈ నెలలో అది నవ్వడం ఎన్నోసారో నేను లెక్కించలేదు. గోకుడు లెక్కించాను.

తరువాత ఆవిడ చెప్పినవి రాసుకున్నాను. ఇది అలవాటు కొద్దీ కాదు, అవసరం కొద్దీ. ఈ పిల్ల చర్మం సున్నం తక్కువైన ఇటుక గోడ వంటిది. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి చికాకులు లోపలికి వస్తాయి. క్రీమే ఆ సున్నం. దురద లేని రోజున కూడా రాయాలి, స్నానమైన మూడు నిమిషాల్లోపే రాయాలి. ఆయింట్‌మెంట్‌కు భయపడరాదు. ఎక్కువా తక్కువా కాకుండా, చూపుడు వేలి చివరి కణుపు పొడవున ఒక గీత తీస్తే పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఆవిడ చెప్పినన్ని రోజులూ రాసి, ఆవిడ చెప్పినట్టే తగ్గించాలి. గుడ్డుకు ఏ పాపమూ తెలియదు కనుక వెంటనే విధుల్లోకి తీసుకోవాలి.

"గోకొద్దని మాత్రం చెప్పకండి. తుమ్మొద్దని చెప్పినట్టుంటుంది. దురద లేస్తే చల్లటి తడిగుడ్డ వేసి అదమమనండి."

"పూర్తిగా పోతుందాండీ?"

"పోతుందని మాటివ్వలేను. మచ్చికవుతుంది. పెద్దవుతుంటే చాలామందికి తగ్గుతుంది కూడా."

బడికి ఇవ్వడానికి ఉత్తరం అడిగాను. ‘ఇది అంటువ్యాధి కాదు’ అని ఒకే ఒక్క వాక్యం రాసి, సంతకం చేసింది. నాలుగు పేజీలు రాసినవాడికి ఆ క్లుప్తత కొంచెం తగిలింది.

"అంటుకునేదే అయితే ముప్పై ఏళ్ళ క్రితమే నాకంటుకోవాలి. రోజుకి నలభై మందిని ఈ చేతుల్తోనే ముట్టుకుంటాను." చీటీ నా చేతికి ఇస్తూ గొంతు తగ్గించింది. "రబ్బరు సంగతి తేలింది. ఇంతకీ అసలెందుకు వేసుకున్నారు సార్?"

"విలువైన పత్రాలను వట్టి చేతులతో..." అని మొదలుపెట్టాను. ఆవిడ తరువాతి రోగిని పిలిచింది.

అదే రోజు, మళ్ళీ

వాయిదా పడిన చర్చను ఇప్పుడు చేపడుతున్నాను. కోరం ఉంది. ఎప్పుడూ ఉంది.

మా రికార్డు గదిలో గ్లౌజులు రెండు రకాలు. తెల్లటి నూలువి పై అరలో ఉంటాయి. అవి పాత ఛాయాచిత్రాలకు, బంగారు సిరా పత్రాలకు, అంటే చేతి చెమట తగిలితే పాడైపోయేవాటికి. పల్చటి రబ్బరువి కింది అరలో ఉంటాయి. అవి బూజుపట్టిన కట్టలకు. పై అరవి పత్రాన్ని మన నుంచి కాపాడతాయి. కింది అరవి మనల్ని పత్రం నుంచి కాపాడతాయి. కొత్తగా చేరిన ప్రతి గుమాస్తాకూ ఈ తేడాను ఇరవై రెండేళ్ళుగా నేనే బోధిస్తున్నాను.

జనవరి అయిదున నేను కింది అర దగ్గర వంగాను.

గాలి ఆడడానికి తువ్వాలును మార్చలేదు. గ్లాసును మార్చడానికి కారణం అప్పుడే తెలుసు. బడికి రాసిన ఉత్తరంలోని ఆ మంచి వాక్యం ఎవరికి రాశానో కూడా ఇప్పుడు తెలుస్తోంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు నయం. నేను భుజాలకు కూడా గ్లౌజులు తొడిగాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఉదయం తువ్వాలును, గ్లాసును యథాస్థానాలకు చేర్చాను. సాయంత్రం చిటికె స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చుంది. నేను ముందుగా ఒక ప్రకటన చేయవలసి ఉందన్నాను. నాలుగు వాక్యాలు రాసి పెట్టుకున్నాను. మొదటి వాక్యంలో ‘తద్వారా’ అన్న మాట దగ్గర ఆగాను. కాగితం మడిచేశాను.

"నాక్కూడా అంటుకుంటుందేమోనని భయపడ్డానే చిటికె. అందుకే గ్లౌజులు. తప్పు నాది."

"నాకు తెలుసు మామయ్యా."

"ఏం తెలుసు?"

"తువ్వాలు వరండాలో వేశావు. గ్లాసు దాచావు. మొదటి రోజే చూశా."

"మరి ఎందుకడగలేదు?"

"నువ్వు సిగ్గుపడతావని."

మూడు నిమిషాల్లో రెండు గడిచిపోయాయి. క్రీము తీసి రాశాను. ఇరవై రెండేళ్ళ తరువాత, విలువైనదాన్ని వట్టి చేతులతో. వెచ్చగా ఉంది. కొన్నిచోట్ల పాత అట్టలా గరుకుగా, కొన్నిచోట్ల ఏ కాగితమూ లేనంత మెత్తగా ఉంది. ఆయింట్‌మెంట్‌కు వచ్చేసరికి, గోడవైపు తిరిగి ఉన్న మొహం మెల్లగా ఇటు తిరిగింది. తిరిగి నా చేతులకేసి చూసింది.

"నీ చెయ్యి గరగరలాడుతోంది మామయ్యా."

"పాత కాగితాల పని."

"నీకూ సున్నం తక్కువే. ఇలా ఇవ్వు."

నా రెండు చేతులకూ డబ్బాలోని క్రీము పట్టించింది. దండిగా. వేలి సందుల్లో కూడా. పద్ధతి తప్పలేదు.

ఫిబ్రవరి 22

మోచేతులు మానుతున్నాయి. రబ్బరు పడదని పరీక్షలో తేలింది. దుప్పటి శుభ్రం. నూరు పేజీల పుస్తకాన్ని చిటికె స్వాధీనం చేసుకుంది. మిగిలిన పేజీల్లో పిల్లి బొమ్మలు వేస్తోంది. కొన్నిటికి నా కళ్ళజోడు ఉంది.

ఫిబ్రవరి 25

డాక్టరు ఉత్తరాన్ని టీచరు తల్లులకు చూపించింది. ఒకావిడ మెత్తబడింది. ఇంకో ఆవిడ, ‘డాక్టర్లు అలాగే అంటారు’ అని తిరిగి పంపింది. రిబ్బన్లు రెండూ యథాతథం. తల్లి మెత్తబడినా పిల్ల ఇంకా వెనక్కి జరుగుతోందట. కాగితం చేయగలిగినది కాగితం చేసింది. కాగితాల మనిషిగా ఈ మాట రాయడం నాకు సులభం కాదు.

ఫిబ్రవరి 26, గురువారం

ఇన్నాళ్ళూ బడి విడిచే వేళకు రోడ్డుకు ఇవతల గొడుగు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఈ రోజు గేటు లోపలికి, చింపిరి జుట్టు గుంపుల మధ్యలోకి వెళ్ళి, చిటికె చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. చేతులు ఊపుకుంటూ. గెజిటెడ్ అధికారి చేతులు ఊపుకుంటూ నడవరాదని నియమమేమీ లేదని ముందే చూసుకున్నాను.

"మెల్లగా నడువు మామయ్యా, అందరూ చూడాలి కదా," అంది చిటికె. వేగం తగ్గించాను.

మార్చి 4, బుధవారం

గేటు దగ్గర ముందుపళ్ళు రెండూ లేని అమ్మాయి ఒకతె అడ్డంగా నిలబడింది. చిటికెకు ఎడమవైపు నిలబడవలసిన పిల్ల ఈమేనట. మెత్తబడిన తల్లి కూతురు.

"అంకుల్, మీకింకా అంటుకోలేదా?"

నేను గొడుగును చంకన పెట్టుకుని, రెండు చేతులూ బోర్లాగా, తరువాత వెల్లకిలా చాపాను. "పంతొమ్మిది రోజులైంది. తనిఖీ చేసుకోవచ్చు."

చాలా నిశితంగా తనిఖీ చేసింది. మా శాఖలో ఇటువంటి ఇన్‌స్పెక్టరు ఒక్కరు ఉన్నా బాగుపడేవాళ్ళం.

"గోళ్ళల్లో మురికుంది."

"అది సిరా."

"అది అంటుకుంటుందా?"

"అది అంటుకుంటుంది."

ఆ పిల్ల ఆలోచించింది. తరువాత చిటికె వైపు తిరిగి, "నీది దురదేనా, సిరా కాదుగా?" అంది. చిటికె కాదంది. ఇద్దరూ గుడ్డ ఏనుగుల గురించి మాట్లాడుకుంటూ నాకంటే ముందు నడిచారు. నేను గొడుగు పట్టుకుని వెనుక నడిచాను. ఒకచోట ఎవరి చెయ్యి ఎవరిదో తెలియలేదు.

మార్చి 13, శుక్రవారం

మూడో వరుసలో కూర్చున్నాను. ఇరవై నలుగురు పిల్లలు గుండ్రంగా తిరిగారు. ముగ్గురు తప్పు దిక్కుకు తిరిగారు. చిటికెకు ఎడమవైపు చెయ్యి. కుడివైపు ఎర్ర రిబ్బను. కుడివైపు పిల్లవాడి తల్లి నా ముందు వరుసలోనే కూర్చుంది. నేను ఆమె జడను చూస్తూ చాలా వాక్యాలు రచించాను. ఒకటీ పంపలేదు. నెల రోజులు గ్లౌజులు విప్పనివాడు ఆ పని చేయడం ఔచిత్యం కాదు.

ఇంటికి వస్తూ చిటికె చెప్పింది. "ఒక చెయ్యి, ఒక రిబ్బను. సగం పాస్ మామయ్యా."

"చేతికి చెమట పట్టిందా?"

"ఆ పళ్ళూడిన దానికే పట్టింది. ఛీ." అరచెయ్యి చూసుకుంటూ, "వదల్లేదు కానీ," అంది.

మార్చి 15, ఆదివారం

అక్క వచ్చింది. ముందు మోచేతులు చూసింది, తరువాత మోకాళ్ళు చూసింది, ఆ తరువాత నన్ను చూసింది. చెవి మెలిపెట్టబోయి, మెలిపెట్టకుండా వదిలేసింది. అన్నీ సర్దుకుంటూ స్నానాలగది దగ్గర ఆగింది.

"ఇదేంట్రా, రెండు తువ్వాళ్ళూ ఒకే మేకుకి తగిలించారు? వరండాలో అంత చోటు పెట్టుకుని?"

"స్థలాభావం," అన్నాను.

చిటికె నాకేసి చూసింది. నా పరువు ఒక్క మాటలో పోయే స్థితిలో ఉంది. అది ఏనుగును పెట్టెలో కుక్కుతూ, "అక్కడ గాలి ఎక్కువమ్మా, ఎగిరిపోతాయి," అంది.

మార్చి 16, సోమవారం

గ్లౌజుల పెట్టెను కింది అరలో తిరిగి అప్పగించాను. ‘వాపసుకు కారణం’ అన్న గడిలో ఏమి రాయాలో తోచక ‘పనికిరావు’ అని రాశాను. కమిషన్‌ను రద్దు చేశాను.

సాయంత్రం అక్క ఫోను చేసింది. చిటికె తన తువ్వాలు మరిచిపోయిందట, పంపమంది. ఆ తువ్వాలు ఇంకా మేకు మీదే ఉంది. వెనుక నుంచి చిటికె అరుపు వినిపించింది. "నేనేం మర్చిపోలేదు! అక్కడే ఉండనీ!"

నియమం ప్రకారం పంపవలసిందే. తీసి, మడిచి, మళ్ళీ విప్పి, మేకుకే తగిలించాను. భద్రపరచడం నా వృత్తి.